సగంలో ఆగిన కారు అద్దం

సెలవు రోజు మధ్యాహ్నం దాకా కారు డోరు దగ్గరే గడిచింది. డ్రైవర్ పక్క సీటు వైపు అద్దం సగం దాకా దిగి అక్కడే ఆగిపోయింది. స్విచ్ ఎటు నొక్కినా కదలదు. పైన మబ్బు పట్టి ఉంది. వాన పడితే సీటు తడవడంతో పోదు, డోరు మీది స్విచ్‌లోకి నీళ్లు దిగితే ఇంకో కొత్త పని. వాయిదా వేయబుద్ధి కాలేదు.

పవర్ విండో మొరాయించిందంటే ఎవరైనా మొదట అనే మాట "మోటార్ పోయింది". పాత కారైతే ఇక వేరే ఆలోచనే ఉండదు. కానీ ఈ అద్దం ఒక్కసారిగా ఆగలేదు. నెలల తరబడి నెమ్మదిస్తూ వచ్చింది. ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు కాస్త నయం, ఆపితే నీరసం. అదీ సహజమే. ఇంజిన్ ఆపితే బ్యాటరీ నుంచి వచ్చేది 12.6 వోల్టులు, నడుస్తుంటే సుమారు 14. ఆ కాస్త తేడాకే అద్దం నడక మారుతోందంటే మోటార్ ఎక్కడో బరువు మోస్తోందన్నమాట. నా అనుమానం మొదటి నుంచీ అదే.

ముందు లోపలి రూఫ్ లైటు వేసి, దాన్నే చూస్తూ స్విచ్ నొక్కాను. లైటు కొంచెం మసకబారింది. అంటే కరెంటు మోటార్ దాకా వెళ్తోంది, మోటార్ గట్టిగా లాగుతోంది, కానీ అద్దం రావడం లేదు. డ్రైవర్ వైపు మాస్టర్ స్విచ్‌తో చూసినా అంతే. చాలా కార్లలో పక్క డోరుకు వెళ్లే కరెంటు ఆ మాస్టర్ స్విచ్ మీదుగానే పోతుంది కాబట్టి రెండూ చూడాలి. అలా ఇంకొంచెంసేపు నొక్కాక లైటు మసకబారడం కూడా మానేసింది. సరిగ్గా ఇక్కడే చాలామంది మోటార్ కాలిపోయిందనుకుంటారు. నిజానికి ఇరుక్కున్న మోటార్ వేడెక్కితే దానిలోని రక్షణ తనంతట తానే కరెంటు ఆపేస్తుంది, చల్లారాక మళ్లీ ఇస్తుంది. కాసేపు వదిలేసి నొక్కితే లైటు మళ్లీ మసకబారింది. ఇక ఫ్యూజు గురించి, వైర్ల గురించి ఆలోచించనక్కర్లేదు.

అమ్మాయిని పిలిచి డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాను. నేను బయట నిలబడి అద్దాన్ని రెండు అరచేతుల మధ్య బిగించి పట్టుకుని, "ఇప్పుడు నొక్కమ్మా, నేను ఆపమనగానే వదిలెయ్" అన్నాను. తను నొక్కుతుంటే నేను పైకి లాగాను. కిర్రుమంటూ, ఆగుతూ ఆగుతూ ఎక్కింది. అంచు దగ్గరికి వచ్చేసరికి చేతులు తీసేశాను, అక్కడ వేళ్లు నలిగితే ఎముక విరిగే ప్రమాదం ఉంది. అద్దం జారకుండా డోరు ఫ్రేము మీదుగా లోపలికీ బయటికీ టేపు వేసి, బ్యాటరీ నెగటివ్ తీసేశాను. డోర్ల వైపు ఎయిర్‌బ్యాగులున్న కార్లలో ఇది తప్పనిసరి.

డోర్ ప్యాడ్, అంటే డోరు లోపలి వైపు కవరు, ఊడదీయడం ఓపిక పని. హ్యాండిల్ గుంటలో చిన్న మూత కింద ఒక స్క్రూ దాక్కుని ఉంటుంది. అది తీయకుండా లాగితే ప్యాడే విరుగుతుంది. పాత ప్లాస్టిక్ క్లిప్పులు పెళుసుగా ఉంటాయి కాబట్టి ప్రతి క్లిప్పు పక్కనే బద్ద దూర్చి తీయాలి. ప్యాడ్ వెనక ఒక ప్లాస్టిక్ షీటు జిగురుతో అంటించి ఉంటుంది. దాన్ని చించి పారేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. వాన నీళ్లు అద్దం వెంట డోరు లోపలికి దిగి అడుగున ఉన్న రంధ్రాల్లోంచి పోవడం మామూలే. ఆ నీళ్లు కారు లోపలికి రాకుండా ఆపేది ఆ షీటే. జిగురును బ్లేడుతో కొంచెం కొంచెంగా కోస్తూ షీటు చిరగకుండా తీశాను.

లోపల అద్దాన్ని ఎత్తి దించే యంత్రాంగం, కేబుల్ రకం రెగ్యులేటర్. టార్చి వేసి చూస్తే కేబుల్ తెగలేదు, పోగులు లేవలేదు, పుల్లీలు బాగున్నాయి. అద్దాన్ని పట్టి ఉంచే 10 నంబర్ బోల్టులు తీసి, టేపు ఒలిచి, అద్దాన్ని చేత్తో కిందికీ పైకీ జరపబోయాను. కదల్లేదు. బ్యాటరీ మళ్లీ తగిలించి, వేళ్లన్నీ దూరంగా పెట్టి స్విచ్ నొక్కమన్నాను. అద్దం లేని రెగ్యులేటర్ సర్రున పైకి వెళ్లి కిందికి దిగింది.

"నాన్నా, మరి మోటార్ బాగానే ఉందిగా?"

"బాగానే ఉందమ్మా. పాపం, ఇన్నాళ్లూ అదే మోసింది."

అసలు దోషం అద్దం జారే రబ్బరు చానెల్‌ది. వెనకవైపు, డోరులో కాస్త లోతున, రబ్బరు తన గాడిలోంచి జారి మడత పడి ఉంది. అద్దం అంచును అదే నొక్కి పట్టింది. మిగతా చోట్ల మట్టి గట్టిపడి అట్ట కట్టింది, రబ్బరు లోపలి మెత్తటి నూగు అరిగి నల్లగా మెరుస్తోంది. అద్దం అంచు వెంట కనిపించే నల్లటి గీత ఆ రబ్బరుదే. మడత విప్పి రబ్బరును వేలితో గాడిలోకి నొక్కుకుంటూ వెళ్లాను. సన్నటి బద్దకు గుడ్డ చుట్టి సబ్బు నీళ్లతో చానెలంతా తుడిస్తే చాలాసేపు మట్టి వస్తూనే ఉంది. బాగా ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టాను. ఇక్కడ ఇంజిన్ ఆయిలో మామూలు గ్రీజో రాస్తే రబ్బరు ఉబ్బుతుంది, దుమ్ము ఇంకా అంటుకుంటుంది. రెగ్యులేటర్ లోహపు పట్టా మీద ఎండిపోయిన పాత గ్రీజు తుడిచి తెల్లటి లిథియం గ్రీజు పలచగా రాశాను. డోరు అడుగున మూసుకుపోయిన రంధ్రాలనూ పుల్లతో పొడిచి తెరిచాను.

బిగించేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. బోల్టులు వేలితో తిప్పినంతే ఉంచి, అద్దాన్ని పూర్తిగా పైకి పంపాలి. అప్పుడు అద్దం ఫ్రేములో తనకు సరిపడే చోట కూర్చుంటుంది. బిగించాల్సింది ఆ తర్వాతే. ముందే బిగిస్తే అద్దం ఏటవాలుగా నిలిచి, ఒక పక్క మళ్లీ రాసుకుంటుంది.

ఇప్పుడు ఇంజిన్ ఆపి నొక్కినా అద్దం ఒకే వేగంతో ఎక్కుతోంది. రూఫ్ లైటు మసకబారడం దాదాపు కనిపించడం లేదు. అయినా ఆ రబ్బరు గట్టిపడిపోయింది, మళ్లీ జారవచ్చు. కొత్తది తెప్పించాలి. డ్రైవర్ వైపు అద్దం కూడా పై అంచు దగ్గర కాస్త తడబడుతోంది కాబట్టి రెండు డోర్లకూ కలిపే ఆర్డర్ పెడతాను.