గోదావరి స్టేషన్‌లో దిగితేనే సుఖం

రాజమండ్రి వెళ్తున్నామంటే అందరూ మెయిన్ స్టేషన్‌లోనే దిగమంటారు. పోయినసారి అలాగే దిగాను. ఆటో అతను ఆర్టీసీ బస్ కాంప్లెక్స్‌కి నూట యాభై అడిగితే, బేరమాడే ఓపిక లేక ఇచ్చేశాను. ఆ మంట ఇంకా చల్లారలేదు. అందుకే ఈసారి నిడదవోలులో మెము లోకల్ రైలు ఎక్కి, మా నాన్నకి అలవాటైనట్టు అదే ఊళ్లో ఉన్న గోదావరి స్టేషన్‌కే టికెట్ తీసుకున్నాను.

చాగల్లు, పశివేదల దాటేదాకా ఫోన్‌లోనే ఉన్నాను. కొవ్వూరు వదిలి బండి వంతెన మీదికి రాగానే చప్పుడు మారింది, అందరూ కిటికీల వైపు జరిగారు. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ కొంగుముడి విప్పి రూపాయి బిళ్ల తీసి, కళ్లకద్దుకుని ఊచల్లోంచి విసిరారు. అది వంతెన అంచుకి తగిలి ఇవతలే పడిపోయింది. ఆవిడ మొహం చిన్నబోయింది. సంచిలో ఇంకో బిళ్ల కోసం వెతుక్కుంటుంటే నా జేబులోది ఇచ్చాను. "నీ పేరు కూడా చెప్పుకుంటాలే బాబూ" అని ఈసారి మోచెయ్యి దాకా బయటికి చాచి వేశారు. పడిందో లేదో నేనూ తొంగి చూశాను. పడింది.

పాత హేవలాక్ వంతెన కనిపిస్తే మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. 1897లో మొదలుపెట్టి 1900 కల్లా పూర్తి చేశారు, 1997 దాకా రైళ్లు దాని మీద నడిచాయి. అది కట్టకముందు మద్రాసు వైపు నుంచి వచ్చినవాళ్లు కొవ్వూరులో దిగి, ఏరు దాటి, ఇవతల మళ్లీ రైలెక్కాల్సిందే.

గోదావరి స్టేషన్‌లో నాతో దిగింది పదిమందో పన్నెండుమందో. తోపులాట లేదు, పుష్కర ఘాట్ దగ్గర్లోనే. ఊళ్లో బస్సులు ఒకచోట దొరకవని కొత్తవాళ్లకి తెలియదు: కాంప్లెక్స్ వేరు, ఏజెన్సీ వైపు వెళ్లేవాళ్లకి గోకవరం బస్టాండ్ వేరు, మా కోనసీమ వైపు వాళ్లకి కోటిపల్లి బస్టాండ్. ఇక్కడ దిగితే అది నడిచి వెళ్లేంత దూరమే. చిన్నప్పుడు ప్రతి వేసవికీ అమ్మమ్మగారింటికి ఈ దారినే వెళ్లేవాళ్లం. నాన్న సూట్‌కేసు భుజాన పెట్టుకుని ముందు నడిచేవారు, బస్సు వెళ్లిపోతుందేమోనని వెనకాల మాకు ఒకటే టెన్షన్.

ఈసారి నలభై నిమిషాలు నిలబడ్డాను. షేర్ ఆటోలవాళ్లు "ధవళేశ్వరం, ధవళేశ్వరం" అని చెవిలో అరుస్తూనే ఉన్నారు కానీ నేను వెళ్లాల్సింది ఆత్రేయపురం, మధ్యలో మారడం నాకిష్టం లేదు. పక్కన అరటిగెలలతో ఉన్నాయన "కంగారుపడకండి, వచ్చేత్తాదండీ ఆయ్" అన్నారు. ఆ "అండీ" హైదరాబాద్‌లో ఎంత డబ్బు పెట్టినా దొరకదు. బస్సు వచ్చాక ముందు నా బ్యాగు కిటికీలోంచి సీట్లో పడేసింది కూడా ఆయనే.

ధవళేశ్వరం దగ్గర నాన్నకి ఫోన్ చేశాను. ఎలా ఉన్నావనలేదు, ఎక్కడున్నావనలేదు.

"కుడివైపు కూర్చున్నావా? బ్యారేజీ మీద నీళ్లు అటే నిండుగా కనిపిస్తాయి."

ఎడమవైపు కూర్చున్నాను. లేచి అటు మారాను.