అమీన్‌పూర్ వైపు ఫ్లాట్ కొన్నాం: ఒక్క సర్వే నంబరు దగ్గర పోయిన 3 నెలలు

మొన్న శుక్రవారం రిజిస్ట్రేషన్ అయింది. కాగితాలు ఇంకా టేబుల్ మీదే ఉన్నాయి, వివరాలు మరిచిపోకముందే రాస్తున్నాను. విశాఖ నుంచి హైదరాబాద్‌కి బదిలీ మీద వచ్చాం. గచ్చిబౌలి ఆఫీసుకి అందేంత దూరంలో, 50 లక్షల లోపు రెండు పడకగదుల ఫ్లాట్ కావాలి. ఏరియా అనగానే అందరూ చదరపు అడుగు రేటే చెబుతారు. పక్క ఏరియా కంటే ఒకచోట రేటు బాగా తక్కువగా ఉందంటే దానికో కారణం ఉంటుంది: నీళ్లు, దారి, గాలి, చెరువు, పర్మిషన్. ఆ కారణం ఏమిటో కనుక్కుని, దాంతో బతకగలం అనిపిస్తే కొనండి. కారణం దొరక్కపోతే అడ్వాన్సు ఇవ్వకండి.

ముందు డబ్బు లెక్క. 30 లక్షల నుంచి 75 లక్షల మధ్య లోనుకి ఇంటి విలువలో 80 శాతం మించి ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నియమం. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలపరు. 48 లక్షల ఫ్లాటుకి లోను 38 లక్షల 40 వేలు దాటదు, మిగతా 9 లక్షల 60 వేలు మనమే పెట్టాలి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం 7.5 శాతం. అది ఇంకో 3 లక్షల 60 వేలు. ఓసీ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చు అని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) రాని ఫ్లాటైతే 5 శాతం జీఎస్టీ అదనం. 1 శాతమే పడుతుందని సేల్స్ వాళ్లు ఆశ పెడతారు. హైదరాబాద్‌లో ఆ రేటు రావాలంటే ధర 45 లక్షలు, కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపలి నేల, 60 చదరపు మీటర్లు దాటకూడదు. 60 మీటర్లంటే 645 చదరపు అడుగులు. 1,150 ఎస్‌ఎఫ్‌టీ (చదరపు అడుగులు) అని అమ్మే ఫ్లాటు లోపల టేపు పెట్టి చూడండి, ఆ హద్దు దాటిపోతుంది.

ఇద్దరు బిల్డర్లు కొంత చెక్కు, కొంత క్యాష్ అన్నారు. ఆ రెండు చోట్లా అక్కడితోనే లేచి వచ్చేశాను. స్థిరాస్తి లావాదేవీలో 20,000, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నేరుగా జరిమానాకి దారితీస్తుంది. జీతం మీద బతికేవాడికి అసలు నల్లడబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? పైగా డాక్యుమెంటులో విలువ తగ్గితే లోను కూడా ఆ మేరకు తగ్గుతుంది. నిజాయితీగా కొనేవాణ్ణి అమాయకుడిలా చూసే ఈ అలవాటు పోవాలి.

ఏరియాల వడపోత వారంలో అయిపోయింది. ఘట్‌కేసర్, పోచారం వైపు బాగుంది, లింగంపల్లి దాకా ఎంఎంటీఎస్ లోకల్ రైలు కూడా ఉంది. ఉప్పల్ వైపు పనిచేసేవాళ్లకి నేను అదే చెబుతాను, గచ్చిబౌలికి మాత్రం రోజూ ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి తిరగడమే. తుర్కయంజాల్, ఆదిభట్ల మాకు అదే కారణంతో పోయాయి. బాచుపల్లిలో కాగితాలు బాగున్న ఫ్లాట్లు మా బడ్జెట్ దాటాయి. మిగిలింది బీరంగూడ, అమీన్‌పూర్, కిష్టారెడ్డిపేట వరస.

ఏరియా చూడటానికి ఆదివారం మధ్యాహ్నం వెళ్లొద్దు, ఆ పూట ఏ ఊరైనా బాగానే ఉంటుంది. మంగళవారం ఉదయం 8:30కి అక్కడి నుంచి ఆఫీసుకి బండి తీయండి. గట్టి వాన పడిన సాయంత్రం లింగంపల్లి రైల్వే అండర్‌బ్రిడ్జి దగ్గరికి వెళ్లి చూడండి, అక్కడ నీళ్లు నిలిస్తే ఎంత చుట్టు తిరగాలో తెలుస్తుంది. రాత్రి 11 దాటాక కారు అద్దాలు దించి పది నిమిషాలు ఆగండి. బొల్లారం, ఖాజీపల్లి పారిశ్రామికవాడల ఘాటు పగలు తెలియదు.

నీళ్ల గురించి వాచ్‌మన్‌ని అడిగితే "ఫుల్ వాటర్ సార్" అంటాడు. అసోసియేషన్ వాళ్లని ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్స్ లెక్క అడగండి. ట్యాంకర్ల ఖర్చు అందులో దాగదు. బోరు ఎన్ని అడుగులు, ఎన్నోది అని అడగండి. మూడో బోరు వేశారంటే మొదటి రెండూ ఎండాయని అర్థం. నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కొలిచే టీడీఎస్ మీటరు జేబులో పెట్టుకెళ్లండి. తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం లీటరుకి 500 మిల్లీగ్రాములు, వేరే ఆధారం లేకపోతే 2,000 వరకు. అయితే ఆ మీటరు ఉప్పుని కొలుస్తుందే గాని ఫ్యాక్టరీ రసాయనాలని పట్టుకోలేదు. పటాన్‌చెరు చుట్టుపక్కల భూగర్భజలం ఎలా పాడైందో ఆ ప్రాంతం వాళ్లందరికీ తెలుసు, అందుకే బోరు నీళ్లని ఒకసారి ల్యాబులో ఇచ్చి భార లోహాలు కూడా చూపించుకోవాలి.

ఇంతవరకు సులువు. అమీన్‌పూర్‌లో మాకు నచ్చిన మొదటి ఫ్లాటు దగ్గర అసలు కష్టం మొదలైంది. అయిదంతస్తులు, మూడో అంతస్తు, తూర్పు ముఖం, 48 లక్షలు. లక్ష టోకెన్ ఇచ్చాం. ఈసీ (ఆస్తి మీద నమోదైన అమ్మకాలు, తనఖాలు చూపే కాగితం) తీస్తే శుభ్రంగా ఉంది. రిజిస్ట్రేషన్ నిషేధించిన ఆస్తుల 22-ఏ జాబితాలో సర్వే నంబరు లేదు. బ్యాంకు లాయరు కూడా సరే అన్నాడు. కొనేసేవాళ్లమే. కానీ 2024 సెప్టెంబరులో ఇదే మండలంలో కిష్టారెడ్డిపేట, పటేల్‌గూడల్లో చెరువు ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా చేసిన కూల్చివేతలు గుర్తొచ్చి, చెరువు హద్దు కూడా చూద్దామనుకున్నాను.

ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు. దాని బయట బఫర్, అంటే ఏమీ కట్టకూడని ఖాళీ జాగా, వదలాలి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకి 30 మీటర్లు, చిన్న చెరువుకి, కుంటకి 9 మీటర్లు. నాలా (వాననీటి కాలువ) వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపైతే 2 మీటర్లు. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైటులో మండలం, గ్రామం పెట్టి వెతికితే ఒక్కో చెరువుకి మ్యాపులు, నోటిఫికేషన్లు వస్తాయి. ప్రిలిమినరీ నోటిఫికేషన్ ఒక్కటే ఉంటే ఆ గీత ఇంకా మారొచ్చని లెక్క. కాబట్టి ఫైనల్ అయిందో లేదో చూడండి.

మా చిక్కు పేర్లతో మొదలైంది. బ్రోచరులో బీరంగూడ. సేల్ డీడ్‌లో అమీన్‌పూర్ గ్రామం. చెరువుల సైటులో వెతకాల్సింది రెవెన్యూ గ్రామం పేరుతో. నేను కాలనీ పేరుతో వెతికి రెండు రోజులు ఏమీ లేదని సంబరపడ్డాను. గ్రామం పేరు సరిచేశాక మా సర్వే నంబరు ఒక కుంట మ్యాపులో కనిపించింది. సర్వే నంబరు చాలా ఎకరాలుంటుంది, అ, ఆ, ఇ అని ఉపవిభాగాలుంటాయి. మ్యాపులో మూల నంబరే ఉంది, మా బిల్డింగు ఏ ముక్కలో ఉందో దాన్నిబట్టి తెలియదు.

ఆ ఒక్క ప్రశ్నకి జవాబు కోసం ఆఫీసుల చుట్టూ 11 సార్లు తిరిగాను. మొదటి ఆఫీసు రెండో ఆఫీసుకి పొమ్మంది. రెండో చోట మూడో ఆఫీసు పేరు చెప్పారు. మూడో చోట, "ఫ్లాటు ఇంకా మీ పేరున లేదు కదా, మీకేం పని? ఓనర్‌ని తీసుకురండి" అని పదిమంది ముందు ఫైలు వెనక్కి తోశారు. కొన్నాక అడిగితే కొనేముందు చూసుకోవాల్సింది అంటారు, కొనేముందు అడిగితే నీకేం సంబంధం అంటారు. జీవితకాలం సంపాదన పెట్టేవాడికి ఈ రెండు మాటల మధ్య చోటే లేదు. బిల్డరు సంతకం పెట్టనన్నాడు. బ్రోకరేమో "అందరూ కొంటున్నారు సార్, మీ ఒక్కరికే అనుమానం" అన్నాడు. ఆ మాట విన్నారంటే ఇంకోసారి కాగితాలు చూడాల్సిన సమయం వచ్చిందన్నమాట.

చివరికి పని రెండు దారుల్లో సాగింది. సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టాను. అందులో కొనేవాడా, ఓనరా అన్న ప్రశ్నే ఉండదు, దేశ పౌరుడైతే చాలు. ప్రశ్నని "ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు, ఫలానా ఉపవిభాగం ఎఫ్‌టీఎల్‌లో గాని బఫర్‌లో గాని ఎంత విస్తీర్ణం ఉంది, స్కెచ్ నకలు ఇవ్వండి" అని రికార్డు అడిగినట్టు రాయాలి. "కొనవచ్చా" అని అడిగితే అభిప్రాయం చెప్పలేమని తిప్పి పంపుతారు. 30 రోజుల్లో జవాబు రావాలి, మాకు రాలేదు, మొదటి అప్పీలు వేశాను.

రెండో దారి లైసెన్సు ఉన్న సర్వేయరు. ఆయన గ్రామ నక్ష (మ్యాపు), టిప్పన్ (సర్వే నంబరు కొలతల స్కెచ్) తెచ్చి, చెరువు మ్యాపు పక్కన పెట్టుకుని, స్థలంలో రాళ్ల దగ్గర్నుంచి కొలిచాడు. బిల్డింగు గోడ బఫర్ బయటే ఉంది. కానీ వెనకున్న సంపు, జనరేటర్ గది బఫర్ లోపల ఉన్నాయి. మంజూరైన ప్లాను తీసి చూస్తే ఆ మేర ఖాళీ జాగా అని స్పష్టంగా గీసి ఉంది. బిల్డరు ప్లాను దాటి కట్టాడు. అలా ఉంటే ఓసీ దగ్గర ఇబ్బంది, రేపు ఎవరైనా వచ్చి సంపు పగలగొడితే ఆ అపార్ట్‌మెంటు మొత్తానికి నీళ్లుండవు. ఇదంతా ఈసీలో కనిపించదు. బ్యాంకు లాయరు కాగితాలు చదువుతాడు గాని వెనక గోడ కొలవడు. రిజిస్ట్రేషన్ జరిగిందంటే దస్తావేజు నమోదైందనే అర్థం, భూమి నిక్కచ్చిగా ఉందని ప్రభుత్వం పూచీ ఇచ్చినట్టు కాదు.

టోకెన్ వెనక్కి రావడానికి ఇంకో నెల పట్టింది. వచ్చిందంటే రసీదు మీద మేం రాయించిన ఒక వాక్యమే కారణం: "లీగల్, సర్వే పరిశీలనలో లోపం తేలితే 15 రోజుల్లో మొత్తం తిరిగి ఇవ్వబడును." అది రాయకుండా పైసా ఇవ్వొద్దు.

రెండో ఫ్లాటు బీరంగూడ గుట్ట వైపు దొరికింది. ఎత్తు మీద ఉంది కాబట్టి చెరువు బెడద లేదు, బోరు లోతు మాత్రం ఎక్కువ. ఆ లోటు తెలిసే తీసుకున్నాం, వేసవిలో ట్యాంకరు ఖర్చు నెలవారీ లెక్కలో వేసుకున్నాం. ఈసారి వరస మార్చాను. ముందు చెరువు మ్యాపు, తర్వాత 22-ఏ జాబితా, తర్వాత ఈసీ. ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. సర్వే నంబరుతో ఒకసారి, ప్లాట్ నంబరుతో ఇంకోసారి విడివిడిగా తీయండి, ఒకదాంట్లో రానిది రెండోదాంట్లో వస్తుంది. లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) వెనక్కి వెళ్లి 1954-55 ఖాస్రా పహాణీ (పాత భూమి రికార్డు) దాకా కలవాలి. మధ్యలో వారసుల్లో ఒకరి సంతకం లేకపోయినా ఆగండి.

ఇంకోటి చాలామందికి తెలియదు. పర్మిషన్ ఇచ్చేటప్పుడు మొత్తం కట్టడంలో 10 శాతాన్ని మంజూరు చేసే సంస్థకి తనఖా పెట్టించుకుంటారు, ఓసీ ఇచ్చాక విడుదల చేస్తారు. మనం కొనే ఫ్లాటు ఆ 10 శాతంలో ఉందేమో తనఖా దస్తావేజులో ఫ్లాటు నంబర్లు చూసుకోవాలి. గ్రామపంచాయతీ నాటి జీ ప్లస్ 2 అనుమతి చూపించి పైన ఇంకో రెండు అంతస్తులు అమ్మేవాళ్లుంటారు. ప్లానులో అంతస్తులు, నిలబడి ఉన్న అంతస్తులు వేలు పెట్టి లెక్కించండి.

రిజిస్ట్రేషన్ రోజు పెద్ద కథేమీ లేదు, స్లాటు బుక్ చేసుకుని వెళ్తే గంటన్నరలో అయిపోయింది. యూడీఎస్ (అపార్ట్‌మెంటు ఉమ్మడి భూమిలో మన వాటా) ఎన్ని గజాలో, పార్కింగ్ నంబరు ఎంతో డీడ్‌లో ఉన్నాయో లేదో సంతకానికి ముందే చదువుకోండి. పార్కింగ్ నోటి మాటగా వదిలేస్తే తర్వాత గొడవే.

సమాచార హక్కు జవాబు నిన్న పోస్టులో వచ్చింది. మొదటి ఫ్లాటున్న ఉపవిభాగం కొంత భాగం బఫర్‌లో ఉందని, స్కెచ్‌తో సహా. దాన్ని జిరాక్స్ తీసి, ఆ అపార్ట్‌మెంటులో ఇప్పటికే దిగిన రెండు కుటుంబాలకి సాయంత్రం వెళ్లి ఇచ్చి వచ్చాను.