ట్రక్ స్టాక్ లేదంటే ముందు ఇరుసు కొలవండి

హెచ్ఓ స్కేల్ (అసలు దానిలో 87వ వంతు) మోడల్ రైలు గూడ్సు వాగన్‌కి ట్రక్, అంటే మన రైల్వేలో బోగీ అనే నాలుగు చక్రాల చట్రం, పాడైతే చాలామంది అదే కంపెనీ అదే నంబరు ట్రక్ కోసం వెతుకుతారు. తరచుగా దొరకదు. అమెరికాలో ఈ సామాను చేసే కంపెనీలు ఒక రకాన్ని ఒక విడతగా పోసి, ముందే వచ్చిన ఆర్డర్లకు పంపేశాక ఆ అచ్చును నెలల తరబడి పక్కన పెడతాయి. అయితే మొత్తం ట్రక్ మార్చాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. అందులో అరిగేవి, మురికి పట్టేవి, పట్టాలు తప్పించేవి ఎక్కువగా చక్రాలూ ఇరుసులే. పక్క చట్రాలు విరగకపోతే వాటిని ఉంచుకుని వీల్‌సెట్లు, అంటే ఇరుసుతో కలిసిన చక్రాల జతలు, మార్చండి. వీల్‌సెట్లు ఒక కంపెనీ దగ్గర లేకపోతే ఇంకో కంపెనీ దగ్గర ఉంటాయి.

ఇక్కడ అందరూ చక్రం వ్యాసమే చూస్తారు, ఇరుసు పొడవు చూడరు. ఇరుసు రెండు కొనలూ సన్నటి మొనలు. అవి పక్క చట్రాల్లోని శంకువు ఆకారపు గుంటల్లో తిరుగుతాయి. పొడవు కాస్త ఎక్కువైతే చట్రాలు బయటికి ఒంగి, మొనలు గుంట అడుగున నొక్కుకుని, చక్రం బ్రేకు వేసినట్టు ఆగిపోతుంది. తక్కువైతే ఇరుసు గుంటలో కిందికి జారుతుంది, వాగన్ ఊగుతుంది, కప్లర్ (వాగన్లను కలిపే కొక్కెం) ఎత్తు తగ్గుతుంది. చాలా ట్రక్కులకు 1.015 అంగుళాల ఇరుసు, అంటే దాదాపు 25.8 మి.మీ., సరిపోతుంది. కానీ అన్నిటికీ కాదు. 0.010 అంగుళాల తేడా కూడా దొర్లడంలో స్పష్టంగా తెలుస్తుంది.

కొలవడానికి డిజిటల్ కాలిపర్ చాలు. బొటనవేలితో చట్రాన్ని మెల్లగా విప్పి ఒక ఇరుసు బయటికి తీయండి. కాలిపర్ దవడలను మొనల మీద గట్టిగా నొక్కొద్దు, ప్లాస్టిక్ మొన అణిగి కొలత తప్పొస్తుంది. పాత ప్లాస్టిక్ ఇరుసుల మొనలు ముందే అరిగి మొద్దుబారి ఉంటాయి కాబట్టి నాలుగింటినీ కొలిచి అన్నిటికన్నా పొడవైన దాన్ని లెక్కలోకి తీసుకోండి. కొత్త వీల్‌సెట్ పెట్టాక పక్కలకు కదిపితే కనిపించీ కనిపించనంత ఆట ఉండాలి, వేలితో తిప్పితే కొన్ని సెకన్లు తిరగాలి. నూటికి 2 వంతుల వాలు మీద వదిలితే వాగన్ తనంతట తాను కదలాలి. కదలకపోతే ఇంజను మీద నింద వేయకండి.

ఇరుసు కొంచెం పొడవైతే ట్రక్ ట్యూనర్ అనే చిన్న పనిముట్టుతో గుంటను తొలిచి సరిచేయొచ్చు. మైక్రోమార్క్ వంటి దుకాణాల్లో అమ్ముతారు. దాన్ని ఇరుసు స్థానంలో పెట్టి నాలుగైదు చుట్లు తిప్పి, పొట్టు దులిపి, వీల్‌సెట్ పెట్టి చూడాలి. చాలకపోతే మరో రెండు చుట్లు. ఒకేసారి ఇరవై చుట్లు తిప్పితే గుంట కాస్తా బెజ్జమైపోతుంది, ఇక ఆ చట్రం చెత్తబుట్టకే. లోపల పాత బురద, పెయింటు ఉండిపోయిన ట్రక్కుల్లో దీని ఫలితం అన్నిటికన్నా బాగా కనిపిస్తుంది. నూనె మాత్రం వేయకండి. లోహపు మొన, జారుడు గుణమున్న ప్లాస్టిక్ గుంట కలిస్తే నూనె అవసరం లేదు, పైగా నూనె దుమ్మును పట్టి జిగురు చేస్తుంది. తప్పదనుకుంటే కేడీ కంపెనీ గ్రీజమ్ లాంటి పొడి గ్రాఫైట్ చిటికెడు.

ఇక వ్యాసం. అమెరికన్ వాగన్లలో 40, 50, 70 టన్నుల రకాలకు 33 అంగుళాల చక్రాలు, 100 టన్నుల వాటికి 36, కంటైనర్ల డబుల్ స్టాక్ వాగన్లలో రెండు భాగాలు కలిసి పంచుకునే 125 టన్నుల ట్రక్కులకు 38. కార్లు మోసే తక్కువ ఎత్తు ఫ్లాట్ వాగన్లకు 28. 1:87 స్కేల్లో 33 అంటే 9.6 మి.మీ., 36 అంటే 10.5, 38 అంటే 11.1, 28 అంటే 8.2. 33 ఉండాల్సిన చోట 36 పెడితే వాగన్ 0.44 మి.మీ. పైకి లేస్తుంది. అదొక్కటే కాదు, ఫ్లాంజ్ (చక్రం లోపలి పక్క పొడుచుకొచ్చిన అంచు) బ్రేకు షూలకో వాగన్ అడుగుకో రాసుకుంటుంది. తిన్నటి పట్టా మీద బాగానే పోతుంది, వంపులో ఆగుతుంది. ఎందుకో తెలియక చాలామంది పట్టాను సర్దుతూ కూర్చుంటారు.

కేడీ 520 అంటే వెనకవైపు నునుపైన 33 అంగుళాల చక్రాలు, 521 అంటే వెనక గీతలున్న 33, 522 అంటే నునుపైన 36. ప్యాకెట్‌కి 12 ఇరుసులు, అంటే మూడు వాగన్లకు. గీతలవి పోత ఇనుప చక్రాల నమూనా, 1950ల దాకా నడిచిన వాగన్లకు సరిపోతాయి. 1970ల కోల్ హాపర్ (బొగ్గు వాగన్) కింద గీతల చక్రాలు పెట్టకండి. పక్క చట్రాల్లోనూ ఇదే జాగ్రత్త: మూతలున్న పెట్టెల్లా కనిపించేవి పాత ఫ్రిక్షన్ బేరింగులు, గుండ్రటి టోపీలు ఉంటే రోలర్ బేరింగులు. 1960ల నడిమి నుంచి పెద్ద కొత్త వాగన్లకు రోలర్లే వచ్చాయి.

చక్రం వెడల్పులో రెండు రకాలు: కోడ్ 110, కోడ్ 88. ఇవి అంగుళంలో వెయ్యో వంతులు, అంటే 2.8, 2.2 మి.మీ. రెండింటికీ ఆర్‌పి-25 అనే ప్రామాణిక అంచు ఆకారమే ఉంటుంది. కోడ్ 88 ముందు నుంచి చూస్తే అసలు చక్రంలా సన్నగా, అందంగా ఉంటుంది. కానీ పాత పాయింట్లలో (పట్టా రెండుగా చీలే చోట్లలో) పట్టాలు ఒకదాన్నొకటి దాటే ఫ్రాగ్ దగ్గర సందు వెడల్పుగా ఉంటే సన్నటి చక్రానికి ఆనిక చాలక సందులోకి దిగి టక్కుమంటుంది. సొంతంగా, గేజ్ పెట్టి చూసుకుని వేసిన పాయింట్లైతే 88 తీసుకోండి. రెడీమేడ్ పట్టాలైతే 110 చాలు, ఫోటోల కోసం రైలు పట్టాలు తప్పించుకోవడం దండగ.

కొత్త చక్రాలను కూడా ఎన్‌ఎమ్‌ఆర్‌ఎ (అమెరికా మోడల్ రైళ్ళ సంఘం) గేజ్ ముక్కతో చూడకుండా పెట్టొద్దు. ఒక ప్యాకెట్లో ఒకటో రెండో ఇరుసుల మీద చక్రాలు మరీ దగ్గరగానో దూరంగానో ఉంటాయి. సరిచేసేటప్పుడు నేరుగా లాగితే ఒక్కసారిగా జారిపోతుంది, మెలితిప్పుతూ లాగాలి. రెండు చక్రాలూ ఇరుసు చివరల నుంచి సమాన దూరంలో ఉన్నాయా అన్నదీ చూడండి. లేకపోతే గేజ్ సరిగ్గా ఉన్నా ట్రక్ ఒక పక్కకి లాగుతూ పోతుంది.

కరెంటు సంగతి లోహపు ట్రక్కులకు ముఖ్యం. ఇంటర్‌మౌంటెన్ వంటి వీల్‌సెట్లలో ఇరుసు లోహమే, ఒక చక్రానికే ఇన్సులేషన్. లోహపు చట్రంలో ఒక ఇరుసు ఒకలా, రెండోది తిరగేసి పెడితే అక్కడికక్కడే షార్ట్. ఒక ట్రక్‌లోని రెండు ఇరుసుల ఇన్సులేషన్ ఒకే పక్క ఉండాలి. కేడీ వీల్‌సెట్ల ఇరుసు ప్లాస్టిక్ కాబట్టి ఈ గొడవ లేదు, కప్లర్లు విడదీసే అయస్కాంతం కూడా ఆ ఇరుసును పట్టి లాగదు.

వీల్‌సెట్ మార్పు పనిచేయని చోటొకటుంది: ఎథర్న్ కొన్ని మోడళ్ళలో ఉన్నట్టు బేరింగ్ టోపీలు ఇరుసుతో పాటు తిరిగే ట్రక్కులు. వాటి ఇరుసు చట్రం దాటి బయటికి వస్తుంది, మామూలు మొనల ఇరుసు పట్టదు. అక్కడ ఆ కంపెనీ భాగమే కావాలి, లేదంటే పూర్తి ట్రక్.

పూర్తి ట్రక్ మార్చాల్సి వస్తే పేరుకన్నా చక్రాల మధ్య దూరం ముఖ్యం. 50 టన్నులకు 5 అడుగుల 6 అంగుళాలు, 70 టన్నులకు 5 అడుగుల 8, 100 టన్నులకు 5 అడుగుల 10. ఆ దూరం కలిస్తే ఎఎస్‌ఎఫ్ రైడ్ కంట్రోల్ రకం బదులు బార్బర్ ఎస్-2 రకం పెట్టినా రెండడుగుల దూరం నుంచి ఎవరూ పట్టుకోలేరు. కేడీ, టాంజెంట్, అక్యురైల్, ఎథర్న్, బౌసర్ అందరూ ట్రక్కులు విడిగా అమ్ముతారు. ఎత్తు మాత్రం ఒక్కొక్కరిదీ ఒకలా ఉంటుంది, అందుకే కొత్త ట్రక్ బిగించగానే కేడీ 205 గేజ్‌తో కప్లర్ చూడండి. పట్టా పైనుంచి కప్లర్ మధ్యకి 25/64 అంగుళాలు, 9.9 మి.మీ. తక్కువైతే ట్రక్ మీద పెట్టే 209 ఎర్ర వాషర్ 0.010 అంగుళాలు, 208 బూడిద రంగుది 0.015 లేపుతుంది. ఎక్కువైతే వాషర్లు పనికిరావు, వాగన్ అడుగున ట్రక్ ఆనే బోల్స్టర్ దిమ్మెను ఆకురాయితో సమంగా అరగదీయాలి. వంకరగా అరిగితే వాగన్ ఒక పక్కకి వాలుతుంది.

పాత టైకో, లైఫ్-లైక్ వాగన్లకు స్క్రూ ఉండదు, పెద్ద బెజ్జంలో ప్లాస్టిక్ పిన్ను. ఆ బెజ్జాన్ని స్టైరీన్ ప్లాస్టిక్ కడ్డీతో పూడ్చి, అతుకు ఆరాక నంబర్ 50 డ్రిల్లుతో తొలిచి, స్క్రూకి మర కోసే 2-56 ట్యాప్ తిప్పండి. వాటి కప్లర్ సాధారణంగా ట్రక్‌కే అతికి ఉంటుంది, రైలును వెనక్కి నెడితే ట్రక్ పక్కకి తిరిగి పట్టా తప్పుతుంది. ఆ చేతిని కోసేసి, వాగన్ అడుగునే కేడీ 242 పెట్టె, 148 కప్లర్ పెట్టుకుంటే ఆ పీడ పోతుంది. స్క్రూలు రెండూ ఒకేలా బిగించొద్దు: ఒక ట్రక్ పక్కలకు తిరిగేంత మాత్రమే, రెండోది పక్కలకు తిరుగుతూ కాస్త ఊగేలా. రెండూ బిగువైతే పట్టా మెలిక ఉన్నచోట ఒక చక్రం గాల్లో తేలుతుంది. రెండూ వదులైతే వాగన్ తూలుతుంది.

హెచ్ఓలో భారతీయ బాక్స్‌ఎన్ వాగన్ చేసేవాళ్ళకు ఒక లెక్క. దాని కింద ఉండే కాస్‌నబ్ బోగీ కూడా అమెరికన్ ట్రక్ లాగే మూడు ముక్కల పోత, అందుకే 100 టన్నుల ట్రక్ దగ్గరి పోలికలో ఉంటుంది. కాకపోతే కాస్‌నబ్ చక్రాల మధ్య దూరం 2000 మి.మీ., స్కేల్లో 23. అమెరికన్‌ది 20.4. ఆ 2.6 మి.మీ. లోటు పక్కనుంచి తెలుస్తుంది, కచ్చితత్వం కావాలంటే చట్రాన్ని మధ్యలో కోసి స్టైరీన్ ముక్క అతకాలి. బాక్స్‌ఎన్ కొత్త చక్రం 1000 మి.మీ., అరిగి పక్కన పెట్టే హద్దు 906. అమెరికన్ 36 అంగుళాలంటే 914, అంటే అది పెడితే చివరి దశలో ఉన్న బాక్స్‌ఎన్ చక్రమన్నమాట. 38 పెడితే మధ్య వయసుది. బ్రిటిష్ 26 మి.మీ. ఇరుసుల వీల్‌సెట్లు పొడవులో దగ్గరగానే కనిపిస్తాయి గానీ వాటి వాగన్ చక్రం 12.6 మి.మీ., 4 మి.మీ. స్కేల్‌ది (అసలు అడుగుకి 4 మి.మీ. లెక్క), బాక్స్‌ఎన్ కిందికి పెద్దదైపోతుంది. అమెరికా నుంచి తెప్పించేటప్పుడు ఒక్క ప్యాకెట్ కొంటే చక్రాలకన్నా పోస్టు ఖర్చే ఎక్కువయ్యేలా ఉంటుంది, నలుగురు కలిసి వందల ఇరుసుల ప్యాకెట్ తెప్పించుకుని పంచుకోవడం నయం.