కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేముందు

ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. మగవాళ్ల ఆపరేషన్ ఒక్క శాతమైనా లేదు. కోతా కుట్లూ లేని వేసెక్టమీ (మగవాళ్ల కు.ని.) ఆడవాళ్ల ఆపరేషన్ కంటే చిన్న పని, ప్రమాదమూ తక్కువే. అయినా అంతే. డబ్బున్నామె నచ్చిన డాక్టరు దగ్గర లూప్ వేయించుకుంటుంది. కూలికెళ్లే ఆమెకు ఒకేరోజు చాలామందికి ఆపరేషన్లు చేసే క్యాంపు తేదీ చెబుతారు.

క్యాంపులో ఎక్కువగా తేడా వచ్చేది లాప్రోస్కోపు (చిన్న రంధ్రంలోంచి కడుపులోకి పంపి చూసే గొట్టం) దగ్గరే. ఒకరికి వాడాక దాన్ని కడిగి, క్రిములను చంపే 2 శాతం గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో 20 నిమిషాలు ముంచి ఉంచి, స్టెరైల్ నీళ్లతో మళ్లీ కడగాలి. అందుకే ఒక్క లాప్రోస్కోపుతో రోజుకు 10 ఆపరేషన్లు, మూడు ఉంటే 30, అంతకు మించి చేయొద్దని కేంద్ర మార్గదర్శకాలు. బయట వరస పెరిగేకొద్దీ కోత పడేది ఆ 20 నిమిషాలకే. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే సర్జన్ ఒక్కరోజులో 83 మందికి చేశాడు. పదిమందికి పైగా చనిపోయారు (మందుల మీదా అనుమానాలొచ్చాయి). మూడేళ్లలో క్యాంపులు ఆపేయమని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో ఒకేరోజు 34 మందికి చేస్తే నలుగురు పోయారు.

కాన్పయిన ఏడు రోజుల్లోపైతే చిన్న కోతతో మినీలాప్ చేస్తారు. లాప్రోస్కోపీకి ఆరు వారాలు ఆగాల్సిందే. ముందు బీపీ, మూత్రం, హిమోగ్లోబిన్ చూడాలి. హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువుంటే చేయకూడదు. సమ్మతి ఫారం తెలుగులో ఉండాలి, మత్తు ఇవ్వకముందే చదివి వినిపించాలి. భర్త సంతకం అక్కర్లేదు. బల్ల మీదికెళ్లాక కూడా వద్దనొచ్చు.

ఇంకా తేల్చుకోనివాళ్లకు పీహెచ్‌సీలో ఉచితంగా వేరే దారులున్నాయి: మూడు నెలలకోసారి అంతర ఇంజెక్షన్, పదేళ్లు పనిచేసే కాపర్-టీ, ఛాయ మాత్రలు (మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత ఒకటి). ఇవి అడిగితేగాని చెప్పరు, అదే అసలు బాధ.

ఇంటికొచ్చాక జ్వరం, కడుపుబ్బరం, కుట్ల దగ్గర చీము కనిపిస్తే ఏడోరోజు కుట్లు తీసేదాకా ఆగొద్దు. ఎప్పుడైనా నెల తప్పితే వెంటనే పరీక్ష చేయించాలి. ఆపరేషన్ విఫలమైతే గర్భం గర్భసంచిలో కాక అండం వచ్చే ట్యూబులో నిలిచే ప్రమాదం ఉంది. ప్రభుత్వాసుపత్రిలో చేసింది విఫలమైతే 60 వేల పరిహారం వస్తుంది. ఆపరేషన్ సర్టిఫికెట్, డిశ్చార్జి కాగితం లేకపోతే ఆ దరఖాస్తు ముందుకు కదలదు.