నీళ్లు తాగాల్సింది బిడ్డ కాదు, బాలింత

మే నెలాఖరు, రోహిణి కార్తె పెట్టి మూడో రోజో నాలుగో రోజో. ఒంగోలులో మా పిల్లల వార్డుకి కొండపి అవతలి పల్లె నుంచి 22 రోజుల బిడ్డను ఎత్తుకొచ్చారు. రెండు రోజులుగా పాలు సరిగ్గా తాగట్లేదు, ఎంత లేపినా మత్తుగా నిద్రపోతున్నాడు, తూకం వేస్తే పుట్టినప్పటికంటే తక్కువున్నాడు. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువు తిరిగి రావాలి కదా, అక్కడే నాకు భయమేసింది. అమ్మమ్మ చేతిసంచిలో స్టీలు ఉగ్గుగిన్నె, కాచి చల్లార్చిన నీళ్ల సీసా, గ్లూకోజు పొడి ఉన్నాయి.

"ఈ ఎండకి మనకే నాలుక పిడచకట్టుకపోతుంటే పసిగుడ్డుకి దాహం కాదా నర్సమ్మా?" అనింది.

ఆమెను నేను కోప్పడలేదు. ప్రేమతోనే పోసింది. కానీ రక్తపరీక్షలో సోడియం బాగా తగ్గిపోయిందని వచ్చింది. ఆ వయసులో మూత్రపిండాలు ఎక్కువైన నీటిని త్వరగా బయటికి పంపలేవు, రక్తంలో ఉప్పు పలచబడుతుంది, ఇంకా ముదిరితే ఫిట్స్ వస్తాయి. ఈ బిడ్డకి అంతదాకా పోలేదు. పైగా నీళ్లతో పొట్ట నిండితే రొమ్ము పట్టడు, పట్టకపోతే తల్లికి పాలు తగ్గుతాయి, తగ్గాయని ఇంకాసిన్ని నీళ్లు పోస్తారు. ఎండాకాలమంతా మా వార్డులో ఇదే చూస్తుంటా.

తల్లిపాలలో నూటికి 87 పాళ్లకు పైగా నీళ్లే. రొమ్ము పట్టగానే వచ్చే పాలు పలచగా ఉండి దాహం తీరుస్తాయి, తర్వాత వచ్చేవి చిక్కగా ఉండి కడుపు నింపుతాయి. అందుకే 6 నెలలు నిండేదాకా చెంచాడు నీళ్లు కూడా వద్దు, మన ఎండల్లోనైనా సరే. వేడిగా ఉంటే ఇంకో రెండుసార్లు రొమ్ముకి పట్టించండి. తేనె అయితే ఏడాది నిండేదాకా నాలుకకి రాయొద్దు, అందులో ఉండే ఒక క్రిమి వల్ల పసిబిడ్డ ఒళ్లు చచ్చుబడిపోవచ్చు. ఉగ్గుగిన్నెతో నాకు పేచీ లేదు, రొమ్ము చీకలేని బిడ్డకు పిండిన పాలు మేమూ దాంతోనే పడతాం.

పాలు చాలుతున్నాయో లేదో తెలియాలంటే తడిసిన గుడ్డలు లెక్కపెట్టండి. మొదటి వారం దాటాక రోజుకి ఆరు, అంతకంటే ఎక్కువ తడిస్తే దిగులు లేదు. మాడు లోపలికి గుంటపడినా, ఆరు గంటలు ఉచ్చ పోయకపోయినా, పాలు మానేసి మత్తుగా పడుకున్నా ఆలస్యం చేయొద్దు. రెండు నెలల లోపు బిడ్డ ఒళ్లు కాలుతుంటే ముందు ఆ టోపీ, పొత్తిగుడ్డలు తీసి, ఫ్యాన్ వేసి, కాసేపాగి చంకలో థర్మామీటర్ పెట్టండి. 99.5 ఫారెన్‌హీట్ గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే సిరప్ వేసి చూద్దాం అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి రండి.

ఇంతసేపూ మంచం పక్కన బిడ్డ తల్లి, ఆ అమ్మాయి, పెదాలు తడుపుకుంటూ నిలబడే ఉంది. ఎండిపోయి చీలిన పెదాలు. "నువ్వెన్ని నీళ్లు తాగుతున్నావమ్మా?" అన్నాను. అమ్మమ్మే చెప్పింది, పచ్చి బాలింత కదా, పొద్దున ఒక గ్లాసు, రాత్రికి ఒక గ్లాసు, అంతకుమించి ఇస్తే ఒంటికి నీరు పడుతుందని. నా కడుపు తరుక్కుపోయింది. తల్లి దగ్గర ఆపిన నీళ్లు బిడ్డకి పోస్తున్నారు! ఎక్కువ తాగితే పాలు పొంగి వస్తాయని నేను చెప్పను, కానీ పాలిచ్చే మనిషికి దాహమైనప్పుడు నీళ్లు ఇవ్వకపోవడం ఏం పత్యం?

చెంబు నిండా నీళ్లు తెచ్చి ఇచ్చాను. ఆ పిల్ల వాళ్లమ్మ మొహం చూసింది. "తాగు తల్లీ" అని ఆమె అన్నాక, చెంబు దించకుండా తాగింది.