మోనోలోనూ నిలిచే వెడల్పు

పాట మిక్సింగ్ చేస్తూ, ఎడమ, కుడి ఛానెళ్లను ఒకటిగా కలిపి వినిపించే మోనో బటన్ నొక్కగానే కోరస్ గొంతులు సన్నబడి, డబ్బాలోంచి వస్తున్నట్టు వినిపించాయి. అంతవరకు అవే గొంతులు హెడ్‌ఫోన్లలో రెండు చెవులకూ అవతలి దాకా పరుచుకుని ఉన్నాయి.

ఒకే టేక్‌ను, అంటే ఒకసారి పాడిన రికార్డింగ్‌ను, రెండు వైపులా పెట్టి, కుడి వైపుదాన్ని 10 మిల్లీసెకన్లు ఆలస్యం చేయడం వల్ల వచ్చిన వెడల్పు అది. రెండు ఛానెళ్లు ఒకటిగా కలిసినప్పుడు 50, 150, 250 హెర్ట్జ్, ఆపైన ప్రతి 100 హెర్ట్జ్‌కూ ఒక చోట ధ్వని తనను తాను రద్దు చేసుకుంటుంది. గొంతులోని నిండుదనం చాలావరకు అక్కడే పోతుంది.

అందుకే పల్లవిని మళ్లీ పాడించి, రెండు టేకులనూ చెరో వైపు పెట్టాను. ఏ మనిషీ ఒక మాటను రెండుసార్లు అచ్చంగా ఒకేలా పలకలేరు కనుక, ఆ చిన్న తేడాలే వెడల్పునిస్తాయి, మోనోలో కూడా గొంతు చెడదు. వెడల్పు పెంచే ఏ ప్లగిన్ (మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌కు జతచేసే పరికరం) కన్నా నాకు ఈ పద్ధతి మీదే గురి ఎక్కువ.

కీబోర్డ్ ప్యాడ్‌కు (వెనకాల సాగుతూ ఉండే స్వరాల పొరకు) మాత్రం, రెండు వైపులా ఉమ్మడిగా ఉన్న ధ్వనిని (మిడ్), రెంటి మధ్య తేడాను (సైడ్) విడివిడిగా సరిచేసే మిడ్-సైడ్ ఈక్వలైజర్ వాడి, సైడ్‌లో 120 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని తగ్గించి, పై పౌనఃపున్యాలను కాస్త పెంచాను. మోనోలో సైడ్ మాయమైనా మిడ్ చెక్కుచెదరదు.

కిక్ డ్రమ్, బేస్ గిటార్, ప్రధాన గాత్రం జోలికి పోలేదు. పెళ్లి పందిరిలోని మైక్‌సెట్లోనైనా, ఫోన్‌లోని చిన్న స్పీకర్లోనైనా ఆ మూడూ నడిమధ్యలో గట్టిగా వినిపించాలి.