ఎనిమిది రోజులకు సగం

పరకాల దగ్గరి పల్లెలో ఉండే మా అక్కకు నిరుడు థైరాయిడ్ గ్రంథిలో క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్ చేసి గ్రంథి తీసేశాక, మిగిలిపోయిన కణాల కోసం హైదరాబాద్‌లో రేడియో అయోడిన్ (రేడియోధార్మిక అయోడిన్) చికిత్స చేయించాలని డాక్టర్లు చెప్పారు. ఆ మాట విన్న రోజు అక్క నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "ఇగ నాకు గూడ కరెంటు పెడ్తరా, తమ్మీ?" మా వైపు క్యాన్సర్ రోగులకు యంత్రంతో ఇచ్చే రేడియేషన్‌ను అందరూ 'కరెంటు పెట్టడం' అనే అంటారు. "కరెంటు గాదక్కా, గోలీ మింగుడే" అన్నాను గానీ, ఇంటర్మీడియట్ విద్యార్థులకు రేడియోధార్మిక పదార్థం సగానికి తగ్గడానికి పట్టే కాలం, అంటే అర్ధ జీవిత కాలం, గురించి ఏళ్ళ తరబడి పాఠం చెప్పిన నాకు, ఆ గోలీ గురించి ఆమెకు ధైర్యం కలిగేలా చెప్పడానికి ఆ రోజు మాటలు దొరకలేదు. ఇప్పుడు రాస్తున్నది ఆ మాటలే.

థైరాయిడ్ తన హార్మోన్‌ను తయారుచేసుకోవడానికి రక్తంలోని అయోడిన్‌ను వెతికి పట్టుకుంటుంది, శరీరంలో మరే అవయవమూ దాన్ని అంతగా కూడబెట్టదు. ఆ అయోడిన్ మామూలుదా, రేడియోధార్మికమైనదా అని గుర్తించే శక్తి మాత్రం ఆ కణాలకు లేదు, ఎందుకంటే రసాయనికంగా రెండూ ఒకటే. చికిత్స మొత్తం ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది. అందుకే ముందుగా ఆ కణాలను ఆకలితో ఉంచాలి. అక్క థైరాయిడ్ మాత్రలు కొన్ని వారాల పాటు ఆపించారు. రెండు వారాలు అయోడిన్ కలిపిన ఉప్పు, చేపలు, గుడ్డు, పాలు మానిపించారు. థైరాయిడ్ ఉబ్బే గొంతువాపును (గాయిటర్) అరికట్టడానికి 1962లో మొదలైన జాతీయ కార్యక్రమం వల్ల ఇంటింటికీ చేరిన అయోడిన్ ఉప్పును, ఈమె ఒక్కదాని కోసం పక్కన పెట్టి, అయోడిన్ లేదని పొట్లం మీద రాసి ఉన్న ఉప్పు కోసం నేను హన్మకొండలో నాలుగు దుకాణాలు తిరిగాను. ఆ రోజులు ఆమెకు చాలా కష్టంగా గడిచాయి. ముఖం ఉబ్బి, ఎండకాలంలో కూడా చలి అంటూ దుప్పటి కప్పుకునేది. పాలు లేని చాయ్ తాగలేక, "పాలల్ల గూడ అయోడినుంటదా?" అని అడిగింది. నాలుగు బర్రెలను సాకే మనిషికి ఆ ప్రశ్న రావడం సహజమే. ఉంటుంది. పొదుగు కూడా రక్తం నుంచి అయోడిన్‌ను లాగి పాలలోకి పంపుతుంది.

మందు ఇచ్చిన రోజు నన్ను తలుపు దగ్గరే ఆపారు. అరచేతిలో ఇమిడేంత సీసపు డబ్బా, దాని మూత తీస్తే చిన్న గాజు గొట్టం, అందులో మామూలు క్యాప్సూల్. చేత్తో ముట్టకుండా గొట్టం నుంచే నోట్లో వేసుకుని అక్క గ్లాసుడు నీళ్ళు తాగింది. అంతే. ఆ క్యాప్సూల్‌లో ఉన్నది 100 మిల్లీక్యూరీల (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) అయోడిన్-131, అదే ఆ రేడియోధార్మిక అయోడిన్. దాని నుంచి వెలువడే బీటా కిరణాలు కణజాలంలో ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పోవు కాబట్టి, దాన్ని పట్టుకున్న కణాన్నీ దాని పక్కవాటినీ మాత్రమే నాశనం చేస్తాయి. దాంతోపాటే వచ్చే గామా కిరణాలు శరీరం దాటి బయటకు వస్తాయి. కణాలు ఎక్కడెక్కడ దాగి ఉన్నాయో తర్వాత తీసే స్కాన్‌లో కనిపించేది వాటి వల్లనే, రోగికి దూరంగా ఉండమని మనకు చెప్పేది కూడా వాటి వల్లనే. ఈ అయోడిన్-131ను 1938లో శాస్త్రవేత్తలు గ్లెన్ సీబోర్గ్, జాన్ లివింగుడ్ అమెరికాలోని బర్క్‌లీలో కనుగొన్నారు. ఆ తర్వాతి కాలంలో సీబోర్గ్ తల్లి ఆయుష్షును పొడిగించింది కూడా ఇదేనని చదివినప్పుడు, ఆ వార్డు బయట కూర్చున్న నా గుండె కొంత కుదుటపడింది.

మన దేశ నిబంధనల ప్రకారం 30 మిల్లీక్యూరీలు దాటితే రోగిని ప్రత్యేక గదిలో ఉంచాలి. కణాలు పట్టుకోని అయోడిన్‌లో అధికభాగం మొదటి రెండు రోజుల్లోనే మూత్రంలో పోతుంది కాబట్టి నీళ్ళు బాగా తాగమన్నారు, లాలాజల గ్రంథులు దెబ్బతినకుండా మర్నాటి నుంచి చప్పరించడానికి నిమ్మ బిళ్ళలు ఇచ్చారు. మరి ఆ గదిలో వాడిన నీళ్ళు ఎటు పోతాయి? కాకతీయుల గొలుసుకట్టు చెరువుల మధ్య పెరిగినవాళ్ళం, ఒక చెరువు మత్తడి దూకితే ఆ నీళ్ళు కింది చెరువులోకే వస్తాయని చిన్నప్పటి నుంచీ ఎరిగినవాళ్ళం, కాబట్టి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. అడిగితే ఓపికగా చెప్పారు. ఆ మరుగుదొడ్ల నీళ్ళు నేరుగా మురుగుకాలువలో కలవవు, వాటి కోసం వేరుగా కట్టిన తొట్లలో నిలవ ఉంటాయి. అయోడిన్-131 ఎనిమిది రోజులకు సగమవుతుంది, పదహారు రోజులకు పావు వంతు అవుతుంది, ఎనభై రోజులకు వెయ్యి పాళ్ళలో ఒక పాలు కూడా మిగలదు. తగ్గినదంతా రేడియోధార్మికత లేని జెనాన్ వాయువుగా మారిపోతుంది. నీటిని ఆపి ఉంచడమే ఇక్కడ శుద్ధి చేయడం.

ఇదే అయోడిన్ అదుపు తప్పితే ఏమవుతుందో 1986 ఏప్రిల్ 26న అప్పటి సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో జరిగిన ప్రమాదం చూపించింది. గాలిలో వచ్చిన అయోడిన్ గడ్డి మీద వాలింది, ఆ గడ్డిని ఆవులు మేశాయి, పాలు పిల్లలు తాగారు. పిల్లల గ్రంథి చిన్నది, అందుకే అంతే అయోడిన్ వాళ్ళకు అనేక రెట్లు ఎక్కువ హాని చేస్తుంది. అప్పటికి పిల్లలుగా ఉన్నవారిలో 2005 నాటికి ఆరు వేలకు పైగా థైరాయిడ్ క్యాన్సర్లు నమోదయ్యాయి, వాటిలో పెద్ద భాగానికి ఆ పాలే కారణం. పొరుగున ఉన్న పోలండ్ మాత్రం రోజుల వ్యవధిలో కోటి మందికి పైగా పిల్లలకు మామూలు అయోడిన్ మందు తాగించింది. గ్రంథి ముందే నిండి ఉంటే విషపు అయోడిన్‌కు చోటు దొరకదు. అక్కలో మిగిలిన థైరాయిడ్ కణాలను ఆకలితో ఉంచిన సూత్రమే ఇది, తిరగేసి వాడారు. సోవియట్ అధికారులు ఆ పిల్లలకు కొన్ని వారాల పాటు తాజా పాలు ఆపి ఉంటే చాలు, ఎనిమిది రోజుల లెక్క మిగతా పని చేసి ఉండేది. ఈ విషయం తలుచుకున్నప్పుడల్లా నాకు కోపం ఆగదు.

మూడో రోజు మీటరు పెట్టి కొలిచి అక్కను ఇంటికి పంపారు. పసిపిల్లలకూ గర్భిణులకూ ఏ తేదీ వరకు దూరంగా ఉండాలో కాగితం మీద రాసిచ్చారు. అక్క దాన్ని అక్షరం తప్పకుండా పాటించింది. వేరే గది, వేరే పక్క, వేరే తువ్వాలు. రెండేళ్ళ మనుమరాలు గడప అవతల నిలబడి చేతులు చాపుతుంటే ముఖం తిప్పుకునేది. ఆ రోజుల్లో బర్రెల దగ్గరకు కూడా పోలేదు, పాలు కోడలే పిండింది.

తేదీ దాటింది. మనుమరాలు ఒళ్ళోకి వచ్చింది. కానీ రోజూ పాలు పోయించుకునే ఐదు ఇళ్ళ నుంచి చెంబులు రావడం ఆగిపోయింది. చికిత్స తర్వాత ఆరు నెలల దాకా గర్భం దాల్చకూడదన్న జాగ్రత్తను, ఆరు నెలల దాకా ఆమె చేతిది ఏదీ తినకూడదని ఎవరో ఊళ్ళో మార్చి చెప్పారు. ఆ ఆదివారం నేను గోడ మీది క్యాలెండరు పట్టుకుని ఆ ఐదు ఇళ్ళకూ పోయాను. మందు మింగిన రోజున నూరు అని, ఎనిమిదో రోజున యాభై అని, పదహారో రోజున ఇరవై ఐదు అని గుండ్రాలు చుట్టి చూపించాను. శరీరం మూత్రంలో పంపేసింది దీనికి అదనమని, అసలు మిగిలింది ఈ అంకెల కన్నా ఎంతో తక్కువని చెప్పాను. బర్రెలు మేసింది మన చెరువుకట్ట గడ్డేనని, అందులో ఏ అయోడినూ పడలేదని చెప్పాను.

మర్నాడు పొద్దున మూడు చెంబులు వచ్చాయి. మిగిలిన రెండు ఇళ్ళకు వచ్చే ఆదివారం మళ్ళీ పోతాను.